మాయమైన లోడు కాంటాలు: ఒక రైస్ మిల్లు కంప్యూటర్‌లో టెంపరరీ ఫైళ్ల కేసు

మిల్లు పేరు, ఊరి పేరు, వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ పేరు రాయడం లేదు. మిర్యాలగూడ చుట్టుపక్కల, సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు దిగే మిల్లుల్లో ఒకటి అనుకోండి, చాలు. లినక్స్ (విండోస్ లాంటి ఓఎస్) మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు పాత టెంపరరీ ఫైళ్లను తుడిచేయడం చాలామందికి ఒక్క లైను పని. ఏ ఫైలు పాతదో, దేన్ని చూసి అలా అనుకుంటున్నామో తేల్చుకోకుండా ఆ లైను రాస్తే ఏమవుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపించింది. ఒక మనిషి మీద దొంగతనం నింద పడేదాకా వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

యాసంగి కోతల కాలం. రైతులు పచ్చి వడ్లను బస్తాలకు ఎత్తకుండా, కోత మెషీన్ నుంచి నేరుగా ట్రాక్టర్ ట్రాలీలో లూజుగా పోసుకుని మిల్లుకు తెస్తారు. గేటు దగ్గర కాంటా మీదికి బండి ఎక్కుతుంది. మొదట లోడు బరువు. ఆ తర్వాత బండి లోపలికి పోయి, వరుసలో నిలబడి, వడ్లు దింపి, మళ్లీ కాంటా మీదికి వస్తుంది. అప్పుడు ఖాళీ బరువు. రెండింటి తేడా వడ్ల బరువు. అందులోంచి తరుగు తీసి చిట్టీ కొడతారు. రద్దీ రోజుల్లో ఈ రెండు కాంటాల మధ్య నాలుగైదు గంటలు పడుతుంది.

ఆ నాలుగైదు గంటలూ లోడు బరువు కంప్యూటర్‌లో ఒక చిన్న ఫైలుగా ఉంటుంది. బండి నంబరే ఫైలు పేరు. ఖాళీ కాంటా పడగానే సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు తెరిచి, లెక్క కట్టి, డేటాబేస్‌లో రాసి, ఫైలును తీసేస్తుంది.

కాంటా గదిలోని మెషీన్‌లో 4 జీబీ ర్యామ్, ఆల్మాలినక్స్ 9 అనే లినక్స్ రకం ఉన్నాయి. ఆన్ కాగానే దానంతట అదే లాగిన్ అయి కాంటా సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. సీరియల్ కేబుల్ మీద బరువు వస్తుంది, పైనున్న కెమెరా బండి ఫొటో తీస్తుంది. యూపీఎస్ ఉంది కానీ బ్యాటరీ దెబ్బతిని ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం మామూలే. పోయిన ప్రతిసారీ ఈ మెషీన్ ఆరిపోయేది.

మొదటి సమస్య, దానికి వేసిన మందు

నన్ను పిలవడానికి చాలా ముందు మొదలైన సమస్య ఇది. కరెంటు పోయి వచ్చాక సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది కాదు. ‘ఇప్పటికే నడుస్తోంది’ అని మెసేజ్ చూపించి ఆగిపోయేది. ఒకేసారి రెండు కాపీలు తెరుచుకోకుండా అది /టీఎంపీ అనే టెంపరరీ ఫైళ్ల ఫోల్డర్‌లో ఒక లాక్ ఫైలు పెట్టుకుని, అందులో తన ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే అంకె) రాసుకునేది. మామూలుగా మూసేస్తే లాక్ ఫైలును తనే తీసేస్తుంది. కరెంటు పోతే తీసే అవకాశం ఎక్కడిది? ఫైలు డిస్క్ మీద మిగిలిపోతుంది.

ఆ నంబరు గల ప్రాసెస్ బతికుందో లేదో సాఫ్ట్‌వేర్ చూస్తుంది కదా, మరి ఎందుకు మోసపోయింది? ప్రాసెస్ నంబర్లు ప్రతి బూట్‌లోనూ, అంటే మెషీన్ లేచిన ప్రతిసారీ, మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. సర్వీసులు (వెనక నడిచే ప్రోగ్రాములు) కూడా దాదాపు అదే వరుసలో లేస్తాయి. నిన్న కాంటా సాఫ్ట్‌వేర్‌కు 1843 వచ్చి ఉంటే, ఈరోజు ఆ నంబరు ఇంకేదో ప్రాసెస్‌కు పడే అవకాశం బాగా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ చూస్తుంది, 1843 బతికే ఉంది, నేను నడుస్తున్నాననుకుని ఆగిపోతుంది. ఒక్కోసారి ఆ నంబరు ఖాళీగా ఉంటుంది, అప్పుడు బాగానే తెరుచుకుంటుంది. అందుకే ఈ సమస్య ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు.

అంతకుముందు ఈ మెషీన్ చూసిన టెక్నీషియన్, బూట్‌లో నడవాల్సిన ఆదేశాలు రాసే ఆర్‌సీ.లోకల్ ఫైలులో ఒక లైను పెట్టాడు. మెషీన్ లేచినప్పుడల్లా /టీఎంపీలో ఉన్నదంతా తుడిచేయమని. లాక్ గొడవ తగ్గింది. వేరే గొడవలు వచ్చాయి.

ఆర్‌సీ.లోకల్ నడిచేది బూట్‌లో ఆలస్యంగా. అప్పటికే చాలా సర్వీసులు లేచి ఉంటాయి. వాటిలో కొన్నింటికి, సర్వీసులను లేపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ /టీఎంపీలోనే విడిగా ప్రైవేట్ ఫోల్డర్ కట్టి ఇస్తుంది. ఈ లైను వాటిని కూడా ఊడ్చేసేది. ఒక్కోసారి ఆటో లాగిన్ ముందే అయిపోయి, కాంటా సాఫ్ట్‌వేర్ తెరుచుకుని కొత్త లాక్ పెట్టుకున్నాక ఈ లైను నడిచేది. అంటే బతికున్న లాక్ పోయేది. ఆపరేటర్ ఐకాన్ మళ్లీ నొక్కితే రెండో కాపీ లేచి, రెండూ ఒకే సీరియల్ పోర్టు కోసం కొట్టుకునేవి. స్క్రీన్ మీద బరువు అంకెలు సగం సగం వచ్చేవి.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. లోడు బరువుల ఫైళ్లు కూడా అప్పట్లో /టీఎంపీలోనే ఉండేవి. కరెంటు పోయి వస్తే వరుసలో ఉన్న బండ్లన్నిటి లోడు బరువులూ ఒక్క దెబ్బకు పోయాయి. అది జరిగిన రోజే సాఫ్ట్‌వేర్ రాసినతను ఆ ఫైళ్లను /వార్/టీఎంపీ అనే ఇంకో టెంపరరీ ఫోల్డర్‌కు మార్చాడు.

అతని ఆలోచన తప్పు కాదు. ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్ అని లినక్స్‌లో ఏ ఫోల్డర్ దేనికో చెప్పే పత్రం ఉంది. 2015లో వచ్చిన దాని 3.0 వెర్షన్ ప్రకారం /వార్/టీఎంపీలో ఉన్నవాటిని బూట్ సమయంలో తుడవకూడదు. కానీ ఎప్పటికీ తుడవకూడదని అందులో లేదు. /టీఎంపీ కంటే తక్కువ తరచుగా తుడవమని మాత్రమే ఉంది. కేసు అసలు ముడి ఆ సందులో పడింది.

నన్ను పిలిచింది దేనికంటే

/వార్/టీఎంపీకి మార్చాక కూడా లోడు బరువులు పోతూనే ఉన్నాయి. అన్నీ కాదు. ఒకరోజు రెండు బండ్లవి, ఇంకో రోజు నాలుగు బండ్లవి. పక్కన ఉన్నవి మాత్రం క్షేమంగా ఉండేవి.

ఒక బండి లోడు బరువు పోతే ఏమవుతుందో మిల్లు లోపల నిలబడితే తెలుస్తుంది. వడ్లు అప్పటికే దింపేశారు, కుప్పలో కలిసిపోయాయి. బస్తాలైతే లెక్కపెట్టొచ్చు, ఇవి లూజు వడ్లు. ఆ ట్రాలీ మామూలుగా ఎంత మోస్తుందో అంచనా కట్టి బేరం మొదలుపెడతారు. రైతు ఎక్కువ అంటాడు, మిల్లు తక్కువ అంటుంది. ఆరు నెలల కష్టం కాంటా గది ముందు మాటల మీద తేలాల్సి వస్తుంది.

సేటుకు అనుమానం ఆపరేటర్ మీద పోయింది. కావాలనే ఫైళ్లు తీసేసి, బండి వాళ్లతో కుమ్మక్కై ఎక్కువ బరువు రాయిస్తున్నాడని. రెండు బండ్ల తేడా డబ్బు అతని జీతంలోంచి కోశారు కూడా. నేను వెళ్లినప్పుడు ఆ అబ్బాయి చెప్పింది ఇంతే: “సార్, నేను వేసిన కాంటానే. కండ్ల ముందు ఎక్కింది, బరువు వచ్చింది. తర్వాత చూస్తే లిస్టులో లేదు. నేను ముట్టుకోలేదు సార్.”

సేటు పక్కనే ఉన్నాడు. “ఫైలు దానంతట అది పోతదా? ఎవరో ఒకరు తీస్తేనే పోతది” అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. ఎవరో తీస్తున్నారు. అది మనిషా, మెషీనా అన్నదే తేలాలి.

మొదట కొట్టేసినవి

ఆర్‌సీ.లోకల్ లైను మీద నాకు నమ్మకం లేకపోయినా ఇక్కడ దోషి అది కాదు. అది /టీఎంపీని మాత్రమే ముట్టుకుంటుంది. డిస్క్ పాడై ఉంటే ఫైళ్లు ఇలా ఏరుకున్నట్టు పోవు, కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) లాగ్‌లో ఏదో ఒకటి కనిపిస్తుంది. అక్కడ ఏమీ లేదు. సాఫ్ట్‌వేరే తీసేస్తోందా అంటే, అది ఖాళీ కాంటా పడ్డాక మాత్రమే తీస్తుంది, తీసిన ప్రతిసారీ తన లాగ్‌లో రాస్తుంది. పోయిన బండ్లకు అలాంటి లైను లేదు.

మిగిలింది సిస్టమ్‌డీ. అందులో టెంపరరీ ఫైళ్ల పని రెండు వేర్వేరు సమయాల్లో జరుగుతుంది. ఒకటి బూట్ మొదట్లో, మామూలు సర్వీసులు లేవకముందే. రెండోది ఒక టైమర్ మీద: మెషీన్ లేచిన 15 నిమిషాలకు ఒకసారి, ఆ తర్వాత రోజుకోసారి. ఈ రెండోది వయసు చూసి తుడుస్తుంది. ఈ మెషీన్‌లో ఉన్న సెట్టింగ్ ప్రకారం /టీఎంపీలో 10 రోజులు, /వార్/టీఎంపీలో 30 రోజులు దాటినవి పోతాయి. లోడు బరువు ఫైలు వయసు మహా అయితే ఐదు గంటలు. ముప్పై రోజుల నిబంధన దాన్ని ఎలా పట్టుకుంటుంది?

ఇక్కడే చాలామంది టైమర్‌ను పక్కన పెట్టేస్తారు. నేను పెట్టలేదు, ఎందుకంటే పోయిన బండ్లన్నీ కరెంటు వచ్చిన తర్వాత మొదటి పావుగంటలోపు లోడు కాంటా పడ్డవే. ఆపరేటర్‌ను గుచ్చి గుచ్చి అడిగితే తేలిన సంగతి అది. కరెంటు పోకముందు పడ్డ బండ్లు ఎప్పుడూ పోలేదు. కాసేపయ్యాక పడ్డవీ పోలేదు.

పెన్నుతో దిద్దిన చిట్టీలు

దారి చూపింది కంప్యూటర్ కాదు, గుమాస్తా దగ్గరున్న చిట్టీల కట్ట. కరెంటు పోయిన రోజుల చిట్టీలు తీయమని అడిగాను. వాటిలో కొన్నింటి మీద లోడు కాంటా తేదీని నీలం పెన్నుతో కొట్టేసి, పైన సరైన తేదీ రాసి, పక్కన పొడి సంతకం పెట్టి ఉంది. కొట్టేసిన గీత కింద చదివితే ఏప్రిల్ కాదు, ముందు సంవత్సరం నవంబరు తేదీ. ఖాళీ కాంటా తేదీ మాత్రం సరిగ్గానే ఉంది. “మిషన్ ఒక్కోసారి తేదీ తప్పు కొడ్తది సార్, మేం దిద్దుకుంటం” అన్నాడు గుమాస్తా. వాళ్లకది చిన్న చిరాకు. నాకు కేసు అక్కడే తెరుచుకుంది.

బూట్ లాగ్ తీసి చూశాను. కరెంటు పోయిన ప్రతిసారీ మొదట్లోనే ఒక లైను: సిస్టమ్ సమయం బిల్డ్ సమయం కంటే వెనక ఉంది, గడియారాన్ని ముందుకు జరుపుతున్నాను అని. మదర్‌బోర్డు మీద ఉండే నాణెం బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పూర్తిగా పోతే బోర్డు గడియారం ఫ్యాక్టరీలో పెట్టిన పాత తేదీకి పడిపోతుంది. సిస్టమ్‌డీ అంత పాత తేదీని ఒప్పుకోక, తాను తయారైన తేదీకి గడియారాన్ని తెస్తుంది. అది ఈ మెషీన్‌లో నవంబరు. ఆ తర్వాత ఇంటర్నెట్ వచ్చాక క్రోనీ అనే గడియారం ప్రోగ్రామ్ అసలు సమయం తెలుసుకుని ఒక్క దూకుతో సరిచేస్తుంది.

ఇప్పుడు వరుసగా పెట్టుకుని చూడండి. కరెంటు వస్తుంది, మెషీన్ లేస్తుంది, గడియారం నవంబరు అంటుంది. గేటు దగ్గర ఆగిన బండ్లు వెంటనే కాంటా ఎక్కుతాయి. వాటి ఫైళ్లన్నిటి మీదా నవంబరు తేదీ పడుతుంది. కేబుల్ ఆపరేటర్ బాక్సుకు కరెంటు వచ్చి, ఐదారు నిమిషాలకు నెట్ వస్తుంది. గడియారం ఏప్రిల్‌కు దూకుతుంది. ఇప్పుడే పుట్టిన ఫైలు ఒక్కసారిగా ఐదు నెలల పాతది అయిపోతుంది. పదిహేనో నిమిషాన టైమర్ లేచి, ముప్పై రోజులు దాటిందని తుడిచేస్తుంది.

కొన్ని మిగలడానికి కారణాలూ దీంట్లోనే ఉన్నాయి. పావుగంట దాటాక నెట్ వచ్చిన రోజున టైమర్ నడిచే సమయానికి గడియారం ఇంకా నవంబరులోనే ఉంటుంది. దాని లెక్కలో ఏదీ పాతది కాదు. మళ్లీ నడిచేది మర్నాడే, ఆలోపు బండ్లు వెళ్లిపోతాయి. రెండో కారణం ఇంకా సూక్ష్మం. సిస్టమ్‌డీలో ఈ తుడిచే పని చేసే టెంప్‌ఫైల్స్ ఒక ఫైలు వయసు చూసేటప్పుడు రాసిన సమయం ఒక్కటే చూడదు. చివరిసారి చదివిన సమయం, వివరాలు మారిన సమయం కూడా చూస్తుంది. మూడూ పాతవైతేనే తుడుస్తుంది. తేదీ సరైపోయాక, టైమర్ లేవకముందు ఎవరైనా డ్రైవర్ వచ్చి “అన్నా, నా బండి ఎంత తూగింది?” అని అడిగితే, ఆపరేటర్ ఆ బండి మీద క్లిక్ చేసి చూపిస్తాడు. ఆ చదివిన సమయం ఏప్రిల్‌గా నమోదవుతుంది. ఆ ఫైలు బతికిపోతుంది. అడగని వాళ్ల ఫైలు పోతుంది. గుమాస్తా పెన్నుతో దిద్దిన చిట్టీల్లో కొన్ని ఇలా అడిగి బతికినవే.

ఇంతకుముందు వచ్చినవాళ్లు ఎందుకు పట్టుకోలేకపోయారో కూడా అర్థమైంది. వాళ్లు పరీక్షించడానికి రీస్టార్ట్ కొట్టి చూసేవారు. రీస్టార్ట్‌లో బోర్డుకు కరెంటు పోదు, గడియారం సరిగ్గానే ఉంటుంది, ఫైళ్లన్నీ ఉంటాయి. ప్లగ్ పీకితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఊహ కుదిరింది కదా అని ఆగడం నాకు ఇష్టం లేదు. ఒక మనిషి పేరు దీని మీద ఆధారపడి ఉంది. టెంప్‌ఫైల్స్ తాను తుడిచిన ఫైళ్ల పేర్లను మామూలుగా లాగ్‌లో రాయదు, ప్రతి చిన్న పనీ నమోదు చేసే డీబగ్ స్థాయి పెడితేనే రాస్తుంది. ఆ తుడిచే సర్వీసుకు మాత్రమే డీబగ్ పెట్టాను. మధ్యాహ్నం బండ్లు లేని సమయం చూసి, సేటును, గుమాస్తాను, ఆపరేటర్‌ను ముగ్గురినీ గదిలో కూర్చోబెట్టాను. ప్లగ్ తీసి, కాసేపు ఆగి పెట్టాం. మెషీన్ లేచాక మిల్లు ట్రాక్టర్‌నే రెండుసార్లు కాంటా ఎక్కించి, రెండు వేర్వేరు నంబర్లతో లోడు బరువు వేయించాం. నెట్ వచ్చాక అందులో ఒకదాన్ని మాత్రం క్లిక్ చేసి చూశాం. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. పావుగంటకు క్లిక్ చేయనిది లిస్టులోంచి పోయింది. లాగ్‌లో దాని పేరు, తుడిచిన సర్వీసు పేరు, సమయం మూడూ ఉన్నాయి. సేటు ఆ లైనును రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ నెలాఖరున అబ్బాయికి కోసిన డబ్బు తిరిగి ఇచ్చారు.

సరి అనిపించి, సరిపోనివి

సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ కోడ్ మార్చడానికి రాసినతను ఒప్పుకోలేదు, అది సబబే. బండ్లు రోడ్డు దాకా వరుసలో ఉన్నప్పుడు కొత్త వెర్షన్ పెట్టడం ఎవరికీ మంచిది కాదు. కాబట్టి ముందు సెట్టింగులతోనే రక్తం కారడం ఆపాలి.

నాతో పనిచేసే కుర్రాడు ఒక ఆలోచన చెప్పాడు: గడియారం సరయ్యేదాకా టైమర్‌ను ఆపుదాం. వినడానికి చక్కగా ఉంటుంది, నెట్‌లో వెతికితే దొరికే సలహా కూడా అదే. దీన్ని ఆఫీసులో వేరే మెషీన్ మీద, గడియారాన్ని కావాలని వెనక్కి తిప్పి చూశాం. ఫైళ్లు ఇంకా కచ్చితంగా పోయాయి. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. తుడిచే క్షణంలో గడియారం తప్పుగా లేదు, సరిగ్గానే ఉంది. తప్పు ఉన్నది ఫైలు మీద పడ్డ ముద్రలో. గడియారం సరయ్యేదాకా ఆగితే, నెట్ ఆలస్యంగా వచ్చిన రోజుల్లో అదృష్టవశాత్తు బతికే ఫైళ్లు కూడా పోతాయి. ఈ కేసులో నేను అందరికీ మొదట చెప్పే సంగతి ఇది.

టైమర్‌ను పూర్తిగా ఆపేయడం ఇంకో దారి. కెమెరా సాఫ్ట్‌వేర్ ఫొటోలను /వార్/టీఎంపీలోనే పడేస్తుంది. సీజన్‌లో తుడిచేవాడు లేకపోతే డిస్క్ నిండుతుంది, నిండిన డిస్క్ మీద డేటాబేస్ ఆగుతుంది. ఒక ఇబ్బందిని తీసి ఇంకొక పెద్ద ఇబ్బందిని తెచ్చుకున్నట్టు.

/టీఎంపీని ర్యామ్‌లో పెట్టేస్తే లాక్ ఫైలు ప్రతి బూట్‌కూ దానంతట అదే మాయమవుతుంది. లినక్స్ రకాల్లో ఫెడోరా 2013లో వచ్చిన 18వ వెర్షన్ నుంచీ, డెబియన్ 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచీ అలాగే చేస్తున్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో, ఇంకా ఏయే ప్రోగ్రాములు /టీఎంపీలో ఎంతెంత పోస్తాయో తెలియకుండా సీజన్ మధ్యలో ఆ మార్పు చేయదలచుకోలేదు. పైగా లోడు బరువుల సమస్యకు అది మందు కాదు.

నాణెం బ్యాటరీ ఒక్కటి మారిస్తే అయిపోదా అని సేటు అడిగాడు. మార్చాం, ఆ రోజే. సీఆర్2032, ఏ వాచీల కొట్లోనైనా దొరుకుతుంది. కానీ ఇక్కడి ఎండలకు, కాంటా గది రేకుల కప్పు కింద అది కొన్నేళ్లకు మళ్లీ చస్తుంది. అది చచ్చిన రోజు ఎవరికీ తెలియదు. రైతు బరువు మొత్తం ఒక నాణెం బ్యాటరీ మీద ఆధారపడి ఉండకూడదు.

ఏం చేశాం, ఎందుకలా

ఆ మెషీన్‌లో ‘టెంపరరీ’ అని పిలిచే ఫైళ్లు నిజానికి మూడు రకాలని మొదట విడదీశాం. ఆ తర్వాత ప్రతి నిర్ణయమూ సులువైంది.

లాక్ ఫైలు ప్రాసెస్‌కు కట్టుబడి ఉంటుంది. ప్రాసెస్ చస్తే అది చెత్త, ప్రాసెస్ బతికుంటే ముట్టుకోకూడదు. దాని వయసుతో మనకు పని లేదు. పది రోజులు ఆపకుండా నడిచే సాఫ్ట్‌వేర్ లాక్ పది రోజుల పాతదైనా బతికున్నదే. కరెంటు పోయి వస్తే ఒక్క నిమిషం క్రితం పెట్టిన లాక్ కూడా చచ్చినదే. పాత ప్రాసెస్‌లేవీ బతికి లేవని గ్యారంటీగా చెప్పగలిగే క్షణం ఒక్కటే: బూట్ మొదలు, ఇంకా ఏ సర్వీసూ లేవనప్పుడు. కాబట్టి లాక్‌ను తుడవాల్సింది అక్కడే.

సెట్టింగులు ఉండే /ఈటీసీ కింద టెంప్‌ఫైల్స్.డీ ఫోల్డర్‌లో మిల్లు కోసం ఒక ఫైలు పెట్టి, అందులో చిన్న ఆర్ అక్షరంతో లాక్ ఫైలు పూర్తి దారి రాశాం. ఆ అక్షరం పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు తప్పకుండా ఉండాలి. ఆ గుర్తు ఉంటే ఈ లైను బూట్‌లో మాత్రమే పనిచేస్తుంది. లేకపోతే, మెషీన్ నడుస్తుండగా ఎవరైనా టెంప్‌ఫైల్స్‌ను రిమూవ్ ఆప్షన్‌తో నడిపిన మరుక్షణం బతికున్న లాక్ పోతుంది, మళ్లీ రెండు కాపీల గొడవ. స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ లాక్ ఫైళ్ల కోసం సిస్టమ్‌డీతో పాటు వచ్చే లైను కూడా ఇలాగే, ఆశ్చర్యార్థకంతోనే ఉంటుంది. సందేహం వస్తే దాన్ని తెరిచి చూసుకోవచ్చు. తుడవమని రాసేటప్పుడు పూర్తి దారి రాశాం, స్టార్ గుర్తు పెట్టలేదు. ఏం పోతుందో ముందే తెలిసి ఉండాలి. ఆర్‌సీ.లోకల్‌లోని పాత లైను తీసేశాం.

రెండో రకం, లోడు బరువులు. ఇవి పనికి కట్టుబడ్డవి. మెషీన్ ఎన్నిసార్లు ఆరి లేచినా బండి ఇంకా మిల్లులోనే ఉంది. అందుకే వీటిని టెంపరరీ అనడమే సరికాదు. ఆ రోజుకు చేసింది, అదే సెట్టింగ్ ఫైలులో చిన్న ఎక్స్ అక్షరంతో ఆ ఫోల్డర్ దారి రాయడం. వయసు చూసి తుడిచేటప్పుడు ఆ ఫోల్డర్‌నూ లోపలున్నవాటినీ వదిలేయమని దాని అర్థం. పెద్ద ఎక్స్ రాస్తే ఫోల్డర్‌కు మాత్రమే రక్షణ, లోపలి ఫైళ్లకు ఉండదు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు.

అయినా ఎక్స్ లైను మీద శాశ్వతంగా ఆధారపడటం నాకు నచ్చలేదు. రేపు మెషీన్ మారుతుంది, కొత్తగా ఓఎస్ వేస్తారు, ఈ చిన్న ఫైలు కాపీ చేయాలని ఎవరికీ గుర్తుండదు. చోటే సరైనదైతే కాపలా అవసరం ఉండదు. సీజన్ అయ్యాక కొత్త వెర్షన్‌లో లోడు బరువులను, ప్రోగ్రాములు తమ డేటా దాచుకునే /వార్/లిబ్ కింద సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్‌కు మార్చారు. అక్కడికి సిస్టమ్ చీపురు రాదు. లాక్‌ను కూడా మార్చారు. నంబరు రాసుకోవడం మానేసి, ఫైలు మీద కెర్నల్ లాక్ తీసుకుంటున్నారు. ప్రాసెస్ ఎలా చచ్చినా కెర్నలే దాన్ని వదిలేస్తుంది. ఫైలు మిగిలినా దాన్ని చూసి ఎవరూ మోసపోరు.

మూడోది ఫొటోలు. చిట్టీకి కావాల్సిన ఫొటో డేటాబేస్‌లోకి పోతుంది, మిగిలినవి పడి ఉంటాయి. వీటికి వయసు చూసి తుడవడం సరిపోతుంది. వీటికి విడిగా ఒక ఫోల్డర్, ఏడు రోజుల గడువు పెట్టాం. తేదీ తప్పి ఒకటీ అరా ముందే పోయినా నష్టం లేదు. వయసు అనేది అంచనా మాత్రమే. పోయినా ఫర్వాలేదనుకునే వాటికే దాన్ని వాడాలి.

గడియారానికి బ్యాటరీ కాక ఇంకొక రక్షణ కూడా పెట్టాం. క్రోనీని ‘మైనస్ ఎస్’ ఆప్షన్‌తో మొదలుపెడితే, బోర్డు గడియారం మరీ వెనకబడి ఉంటే అది తన డ్రిఫ్ట్ ఫైలు (గడియారం ఎంత తప్పుతుందో రాసుకునేది) చివరిసారి మారిన సమయానికి సిస్టమ్ గడియారాన్ని తెస్తుంది. నెట్ ఉన్నంతసేపూ ఆ ఫైలు మారుతూ ఉంటుంది కాబట్టి, బ్యాటరీ చచ్చినా తప్పు నెలల్లో కాకుండా గంటల్లో ఉంటుంది. గంటల తప్పు ఏడు రోజుల గడువును దాటదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. టెంప్‌ఫైల్స్‌ను చేత్తో నడిపి చూసేవాళ్లు ఆప్షన్లు చదవకుండా కొట్టొద్దు. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256లో పర్జ్ అనే ఆప్షన్ కొత్తగా చేరింది. పేరు చూసి టెంపరరీ ఫైళ్లను తుడుస్తుందనుకున్నవాళ్లకు, యూజర్ల సొంత ఫైళ్లుండే /హోమ్ మొత్తం పోయింది, ఎందుకంటే ఆ సెట్టింగుల్లో /హోమ్‌ను తయారుచేసే లైను కూడా ఉంటుంది. వెంటనే 256.1లో దాన్ని కట్టుదిట్టం చేశారు. చేయకుండా చూపించే డ్రై రన్ ఆప్షన్ కూడా 256తోనే వచ్చింది. మిల్లు మెషీన్‌లో ఉన్నది 252, కాబట్టి అక్కడ అది లేదు. అందుకే ప్రతి లైనునూ ముందు వేరే మెషీన్ మీద వేసి చూశాం.

ఆ తర్వాత

వానాకాలం పంటకు ముందు మళ్లీ ప్లగ్ పరీక్ష చేశాం. ఈసారి నాణెం బ్యాటరీని కూడా తీసేసి, నెట్ కేబుల్ పీకి, అడ్డంకులన్నీ పెట్టి చూశాం. లాక్ అడ్డం రాలేదు, లోడు బరువులన్నీ మిగిలాయి, కేబుల్ పెట్టాక తేదీ సరిపోయింది. నేను చూసే మిగతా కాంటా మెషీన్లన్నిటికీ రీస్టార్ట్ పరీక్ష మానేసి ఇదే పెట్టాను. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు కూడా అప్పుడే వేయించారు.

ఒక పని మాత్రం మెషీన్‌కు అప్పజెప్పలేదు. నిజంగానే పాతబడే లోడు బరువులు కొన్ని ఉంటాయి. బండి కాంటా ఎక్కుతుంది, లోపల ధర కుదరదు, రైతు వడ్లు దింపకుండా వేరే మిల్లుకు పోతాడు. ఆ ఫైలు అలా మిగిలిపోతుంది. సాఫ్ట్‌వేర్ రాసినతను రెండు రోజులు దాటితే వాటిని ఆటోమేటిక్‌గా తీసేద్దామన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు రెండు రోజులు దాటినవి లిస్టులో ఎర్రగా కనిపిస్తాయి. గుమాస్తా గేటు పుస్తకంతో సరిచూసి, కారణం రాసి, తన పేరు మీద మూసేస్తాడు. బండి నిజంగా వెళ్లిపోయిందో లేదో గేటు దగ్గరున్న మనిషికి తెలుస్తుంది కానీ, గడియారానికి తెలియదు కదా.